ఉత్పన్నం కాని ప్రశ్న

మా అమ్మ మిషన్ ఆస్పత్రి ప్రసూతి వార్డులో నర్సుగా పనిచేసి రిటైరైంది. మా ఊళ్ళోనూ, గెడ్డ అవతలి ఊళ్ళలోనూ ఇవాళ బిడ్డల తల్లులైన ఆడవాళ్ళలో చాలామంది ఆమె చేతుల మీద పుట్టినవాళ్ళే. అందరికీ ఆమె సిస్టరమ్మ. చర్చిలో పాస్టరుగారికీ సిస్టరమ్మే, పక్కింటి కిరాణా షావుకారుకీ సిస్టరమ్మే. నాన్న పోయాక అమ్మ, నేను, మా ఆయన ఒకే ఇంట్లో ఉంటున్నాం. మా ఆయన రైల్వేలో గుమస్తా. నేను హైస్కూల్లో తెలుగు చెబుతాను.

అమ్మ ఓటు ఎప్పుడూ ఒకే పార్టీకి. ఆ పార్టీ ఏదో ఇక్కడ రాయను. రాస్తే చదివేవాళ్ళలో సగంమంది నవ్వుతారు, సగంమంది కోప్పడతారు. అమ్మ మాట మాత్రం ఎవరూ వినరు. అమ్మ ఏనాడూ కండువా వేసుకోలేదు, జెండా పట్టుకోలేదు. ఓటు రోజు ఉదయాన్నే తెల్లచీర కట్టుకుని, చర్చికి వెళ్ళినట్టు వెళ్ళి, ఆ గుర్తు మీద వేసి వచ్చేది. అంతే.

ఆమె ఆ పార్టీని నమ్మడానికి కారణం ఒక మనిషి. నా చిన్నప్పుడు మా నియోజకవర్గానికి ఆయన ఎమ్మెల్యే. ప్లీడరీ చేసి రాజకీయాల్లోకి వచ్చినవాడు. తన బంధువుల అమ్మాయి పురిటికి వస్తే చూడటానికి ఆస్పత్రికి వచ్చి, వార్డు బయట బెంచీ మీద కూర్చున్నాడట. అమ్మ అటుగా వెళ్తుంటే ఆపి, ఇక్కడ మీకు ఏం కష్టంగా ఉందమ్మా అని అడిగాడట. ఆస్పత్రి గురించి చెబుతుందనుకున్నాడు. అమ్మ గెడ్డ అవతలి ఊళ్ళ గురించి చెప్పింది. గెడ్డ అంటే మా వైపు కొండల్లోంచి దిగివచ్చే వాగు. అవతల అయిదారు ఊళ్ళున్నాయి, సూది వేసే మనిషి కూడా లేదు, జ్వరమొస్తే మోసుకుని రావాలి అని చెప్పింది. ఆయన జేబులోంచి చిన్న డైరీ తీసి రాసుకున్నాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి, ఒక సాయంత్రం రేడియోలో ప్రాంతీయ వార్తలు వస్తున్నాయి. నేను ఏడో తరగతి. నేల మీద కూర్చుని లెక్కలు చేసుకుంటున్నాను. శాసనసభలో ఫలానా సభ్యుడు ఫలానా ఊరికి ఆరోగ్య ఉపకేంద్రం కావాలని మంత్రిని ప్రశ్నించారు, మంత్రి సానుకూలంగా స్పందించారు అని ఒక్క వాక్యం చదివారు. గెడ్డ అవతలి ఊరి పేరు రేడియోలో వినబడింది. అమ్మ బియ్యం ఏరుతున్న చేట ఒళ్ళోంచి జారిపోయింది.

"ఇన్నావేటే? మన ఊళ్ళ పేరు సెప్పినారే!" అంది నాతో. నాన్న వైపు తిరిగి, "అడిగినాడండీ, నిజంగానే అడిగినాడు," అంది. ఆమె కళ్ళు తుడుచుకోవడం నాకు గుర్తుంది.

ఏడాది తిరిగేసరికి అక్కడ రెండు గదుల సబ్‌సెంటర్ వచ్చింది. అప్పట్నుంచి అమ్మకి ఒకటే నమ్మకం. "అడిగితే వస్తాదే. అడిగీ మనిషుండాల," అనేది. ఆ ఎమ్మెల్యే తర్వాతి ఎన్నికల్లో నిలబడలేదు, కొన్నాళ్ళకి పోయాడు. అమ్మ ఓటు మాత్రం ఆ గుర్తు దగ్గరే ఉండిపోయింది. ఎప్పటికైనా అలాంటివాడు మళ్ళీ వస్తాడని ఎదురుచూసేది.

అమ్మ రిటైరైన కొన్నేళ్ళకి, ఒక తుఫాను వానల్లో జరిగింది ఇప్పుడు చెబుతాను. ఇది అమ్మ ఎవరికీ చెప్పదు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి నాకు తెలుసు.

వేసవిలో ఆ గెడ్డలో చీలమండలు కూడా మునగవు. దాని మీద దాటడానికి ఒక పాత సిమెంటు కాజ్‌వే ఉంది, నేలకి మూరెడు ఎత్తున. వాన పడితే ముందు మునిగేది అదే. ఆ రోజు మధ్యాహ్నం మా వీధి చివర అంబులెన్సు వచ్చి ఆగింది. డ్రైవరు పరుగున వచ్చి, "సిస్టరమ్మా, గెడ్డ అవతల పురుడు. ఆ సబ్‌సెంటర్లో నర్సమ్మ లేదు. మంచం మీద ఒడ్డు దాకా తెచ్చీసినారు. దాటలేకపోతన్నారు. నువ్వు రావాల," అన్నాడు. అమ్మ చీర కొంగు దోపుకుని ఎక్కేసింది. గొడుగు పట్టుకుని నేనూ వెళ్ళాను.

గెడ్డ ఎర్రగా, నిండుగా పారుతోంది. అవతలి ఒడ్డున నులక మంచం, దాని చుట్టూ దుప్పటి పట్టుకున్న ఆడవాళ్ళు. ఇవతల అంబులెన్సు, మందులు, సూదులు, అమ్మ. ఒకతను నడుముకి తాడు కట్టుకుని దిగాడు. నాలుగు అడుగులు వేసేసరికి నీళ్ళు పడేశాయి, అందరూ కలిసి వెనక్కి లాగారు.

అమ్మ ఒడ్డు చివరికి వెళ్ళి నిలబడి అరవడం మొదలుపెట్టింది.

"ఒసే, మోకాళ్ళు మడిపించండే! ఇప్పుడొద్దు, నొప్పి వచ్చినప్పుడే ముక్కమను! తల కనబడతన్నాదా?"

అవతల్నుంచి అత్తగారు కాబోలు, "కనబడతన్నాది సిస్టరమ్మా!" అని అరిచింది.

"లాగకు! సెయ్యి కిందెట్టు, అంతే! లాగకు!"

నీళ్ళ హోరులో ఒక్కో మాట రెండేసిసార్లు అరవాల్సి వచ్చేది. బిడ్డ ఏడుపు మాకు వినబడలేదు. బిడ్డని పైకెత్తి చూపించారు. ఇవతలి ఒడ్డున ఉన్నవాళ్ళందరూ చప్పట్లు కొట్టారు. అమ్మ కొట్టలేదు. మంచం వైపే చూస్తోంది.

"మాయ పడినాదా? రగతం ఆగినాదా?"

అవతల ఆడవాళ్ళు మంచం మీదికి వంగారు. తర్వాత ఆ అత్తగారు, "ఆగట్లేదు," అంది.

పొత్తికడుపు మీద గట్టిగా మర్దన చెయ్యమని, ఎలా చెయ్యాలో తన పొట్ట మీద తానే చేసి చూపిస్తూ అమ్మ అరిచింది. బిడ్డకి పాలు పట్టించమంది. కాళ్ళ వైపు మంచం ఎత్తమంది. అంబులెన్సు అబ్బాయి చేతిలో ఇంజక్షన్ ఉంది. రక్తం ఆగడానికి వేసేది అదే. మాకూ ఆ మంచానికీ మధ్య ఉన్నది నీళ్ళే. మా బడి ఆటస్థలమంత వెడల్పు కూడా లేని నీళ్ళు. పొద్దువాలకముందే ఆ అమ్మాయి పోయింది. ఆడవాళ్ళ ఏడుపు మాత్రం ఇవతలికి బాగా వినబడింది.

అమ్మ గొంతు వారం రోజులు రాలేదు. వచ్చాక నాతో అన్న మొదటి మాట, "కాయితం తే. అర్జీ రాయాల. వంతెన కావాల."

అప్పటికి మా ఎమ్మెల్యే అమ్మ పార్టీవాడే. కుర్రవాడు, మర్యాద తెలిసినవాడు. పార్టీ మాత్రం ప్రతిపక్షంలో ఉంది. అర్జీ పట్టుకుని అమ్మ అతని ఆఫీసుకి వెళ్ళేది. నేను సెలవు పెట్టి తోడు వెళ్ళేదాన్ని. మొదటిసారి తీసుకుని పక్కన పెట్టాడు. రెండోసారి చూస్తానన్నాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు వెళ్ళామో గుర్తులేదు. కోటబొమ్మాళి సంతకి వెళ్ళినా, పెళ్ళికి వెళ్ళినా, ఎక్కడ అతని కారు కనబడితే అక్కడ అమ్మ ఆగిపోయేది. ఒకసారి అతనే దిగివచ్చి, "సిస్టరమ్మా, మనం అధికారంలో లేం కదా, నా మాట ఎవరు వింటారు?" అన్నాడు.

"వంతెన నువ్వు కట్టక్కర్లేదు బాబూ. అడుగు. అక్కడ నిలబడి అడుగు. అది నీ పనే గదా," అంది అమ్మ.

అతను తల దించుకుని, సరే అన్నాడు. ఆ సరే అతను నిలబెట్టుకున్నాడు, ఒక మేరకి. ఒకరోజు అతని పీయే ఫోన్ చేశాడు. "సిస్టరమ్మగారూ, మీ ప్రశ్న లిస్టులో పడింది. గురువారం ప్రశ్నోత్తరాల్లో వస్తుంది. టీవీలో లైవ్ చూడండి." ఆ కాగితం ఫోటో తీసి నా ఫోన్‌కి పంపాడు కూడా. అందులో ప్రశ్న ఉంది. గెడ్డ మీద వంతెన లేక గర్భిణులు ఇబ్బంది పడుతున్న మాట వాస్తవమా, అయితే వంతెన నిర్మించే ప్రతిపాదన ప్రభుత్వం వద్ద ఉందా, ఉంటే ఎప్పటికి పూర్తవుతుంది అని. ఊరి పేరు అచ్చులో ఉంది. అమ్మ దాన్ని జెరాక్సు షాపులో కాగితం మీద తీయించి, అక్షరాల మీద వేలు పెట్టి చదువుకుంది.

గురువారం నేను సెలవు పెట్టాను. మా ముందుగది నిండిపోయింది. గెడ్డ అవతల్నుంచి ఆ చనిపోయిన అమ్మాయి అత్తగారు వచ్చింది, చంకలో మనవరాలితో. దానికప్పటికి రెండేళ్ళు దాటాయి. పక్కింటి షావుకారు కొట్టు భార్యకి అప్పగించి వచ్చాడు. ఆయన అమ్మ పార్టీకి బద్ధవిరోధి. అమ్మతో రోజూ గేటు దగ్గర వాదన పెట్టుకునేవాడు. ఆ రోజు మాత్రం, "ఏ పార్టీవోడైతేనేటి సిస్టరమ్మా, మనూరి మాట గదా," అంటూ ముందు కుర్చీలో కూర్చున్నాడు. అమ్మ తెల్లచీర కట్టుకుంది.

సభ మొదలైంది. మా ఎమ్మెల్యే మూడో వరుసలో కనబడ్డాడు. చేతిలో కాగితాలున్నాయి. "అదిగో, మనోడే," అని గదిలో ఎవరో అన్నారు. సభాపతి ప్రశ్నోత్తరాలు మొదలుపెడుతున్నాననేలోపు, అమ్మ పార్టీ శాసనసభాపక్ష నాయకుడు లేచాడు. ముందురోజు తాను మాట్లాడిన ఒక మాటని రికార్డుల్లోంచి తీసేశారని, దాన్ని తిరిగి పెట్టేదాకా సభ జరగనివ్వమని అన్నాడు. ప్రశ్నోత్తరాలు అయ్యాక అవకాశమిస్తానని సభాపతి చెప్పాడు. నాయకుడు వినలేదు. వేలు చూపిస్తూ ఏదో అన్నాడు, మైకు పనిచెయ్యలేదు. పైకండువా సర్దుకుని నడుచుకుంటూ బయటికి పోయాడు. వెనక ఒక్కొక్కరే లేచారు.

మా ఎమ్మెల్యే వెంటనే లేవలేదు. ఒక్క క్షణం కూర్చునే ఉన్నాడు. పక్కవాడు భుజం తట్టాడు. కాగితాలు మడిచి లేచి వెళ్ళిపోయాడు.

"ఎక్కడికి ఎల్తన్నాడే?" అంది అమ్మ. "మళ్ళీ వస్తాడేటి?"

ఖాళీ కుర్చీల ముందు ప్రశ్నోత్తరాలు నడిచాయి. ఒక ప్రశ్న, రెండో ప్రశ్న. మూడోది మాది. సభాపతి ప్రశ్న సంఖ్య చదివాడు, సభ్యుడి పేరు పిలిచాడు. తలెత్తి అటు చూశాడు. సభ్యులు సభలో లేరు, సమాధానం సభకి సమర్పించినట్టు భావిస్తున్నాం అని తర్వాతి సంఖ్యకి వెళ్ళిపోయాడు. ఊరి పేరు కూడా చదవలేదు.

"ఏటి, అయిపోనాదా?" అంది అమ్మ.

"అయిపోయిందమ్మా," అన్నాను.

షావుకారుకి నవ్వడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. ఆయన నవ్వలేదు. లేచి, "మా కోడలు భావనపాడు నుంచి సేపలు తెచ్చినాది సిస్టరమ్మా. పులుసు పంపిస్తాను," అని వెళ్ళిపోయాడు. మా ఇంట్లో మనిషి పోయినట్టు మాట్లాడాడని అప్పుడే అనిపించింది. ఆ అత్తగారు మనవరాలిని భుజాన వేసుకుని, చివరి ఆటో పోతుందేమోనని లేచింది. అమ్మ గేటు దాకా వెళ్ళి ఆ పిల్ల తల నిమిరి వచ్చింది.

వారం తర్వాత పీయే ఇంకో కాగితం పంపాడు. సభకి సమర్పించిన సమాధానం. ప్రశ్నకి మూడు భాగాలు, సమాధానానికీ మూడే. మొదటిదానికి "కాదండి" అని ఉంది. రెండోదానికి "లేదండి". మూడోదానికి "ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు" అని ఉంది.

"ఉత్పన్నం కాదంటే ఏటే, తెలుగు టీచరూ?" అంది అమ్మ.

"పుట్టదని అర్థం. ఆ ప్రశ్నే పుట్టదని."

అమ్మ ఆ మాట మీద వేలు పెట్టింది. "పుట్టినాది. నా కళ్ళముందే పుట్టినాది," అంది.

ఎమ్మెల్యే ఊళ్ళోకి వచ్చాడని తెలిసి వెళ్ళాం. అతను మమ్మల్ని చూడగానే కుర్చీలోంచి లేచాడు. ముఖం పాలిపోయి ఉంది.

"మా నాయకుడు లేస్తే మేం లేవాలి సిస్టరమ్మా. కూర్చుంటే పార్టీని ధిక్కరించినట్టు."

"రెండు నిమిషాలు గదా బాబూ."

"ఆ రెండు నిమిషాలే టీవీలో చూపిస్తారు. మనవాడొక్కడు లోపలే ఉండిపోయాడని."

"పోనీ, రేపు ఎల్లినప్పుడు అడుగు."

అతను కిటికీలోంచి బయటికి చూశాడు. "రేపు వెళ్ళం. సభాపతి క్షమాపణ చెప్పేదాకా సభకి వెళ్ళకూడదని నిర్ణయించారు. అందరం వెళ్ళట్లేదు."

ఎన్నాళ్ళని అమ్మ అడగలేదు. అడిగి ఉంటే అతనికి కూడా తెలియదు. ఆ సభాకాలం మొత్తం వాళ్ళు మళ్ళీ లోపలికి వెళ్ళలేదు. సమావేశాలు మొదలైన ప్రతిసారీ అమ్మ టీవీ పెట్టి, ఆ వరుసలు చూసి, కట్టేసేది. చూడొద్దని మా ఆయన చెబితే, "వస్తారేమో బాబూ," అనేది. నేను వంటింట్లోంచి ఆ మాట వింటూ ఉండేదాన్ని. చిన్నప్పుడు రేడియోలో విన్న ఆ ఒక్క వాక్యం లాంటిది మళ్ళీ వినాలని నాకూ ప్రాణం కొట్టుకునేది. అంత చిన్న కోరిక ఇంత దూరం అయిపోతుందని అనుకోలేదు.

ఎన్నికలు దగ్గరపడ్డాక ఆ శాసనసభాపక్ష నాయకుడే పర్యటనకి బయల్దేరాడు. కొత్తవలసలో సభ, విజయనగరంలో సభ, తర్వాత మా వైపు. మా టౌన్లో కల్యాణమండపంలో కార్యకర్తలతో సమావేశం పెట్టారు. పాతకాలపు అభిమానులని ముందు వరుసలో కూర్చోబెట్టారు. అమ్మని కూడా పిలిచారు. నేను వద్దన్నాను. అమ్మ చేతిసంచిలో ఆ రెండు కాగితాలూ పెట్టుకుని బయల్దేరింది.

ఉపన్యాసాలు అయ్యాక, పార్టీ పుట్టినప్పటి నుంచీ మనతో ఉన్న సిస్టరమ్మగారు ఇప్పుడు మన నాయకుణ్ణి ఆశీర్వదిస్తారు అని మైకులో చెప్పారు. అమ్మ మెల్లగా మెట్లెక్కింది. నాయకుడు లేచి నమస్కారం పెట్టాడు. అమ్మకి మైకిచ్చారు.

"బాబూ, మీరు అసెంబ్లీకి ఎందుకు ఎల్తలేరు?" అంది అమ్మ.

నాయకుడు నవ్వాడు. "అక్కడ మన గొంతు నొక్కేస్తున్నారమ్మా. అందుకే ప్రజల మధ్యకి వచ్చి పోరాడుతున్నాం."

"మా మద్దెన మేమున్నాం గదా బాబూ. మా మద్దెకొచ్చి మీరేటి సేస్తారు? మేం ఎల్లలేని కాడికి మీరు ఎల్తారని గదా ఓటేసినాం. అక్కడ మా గెడ్డ మాట అడగాల్సిన రోజున, మీ మాటెవలో తీసీసినారని లేచి ఎల్లిపోనారు. మీ మాట తీసీసినారు. మా మాట అసలు పెట్టనే లేదు."

వెనకనుంచి ఎవరో చప్పట్లు కొట్టారు. ఒక్కడే. వెంటనే ఆగిపోయాడు. అమ్మ సంచిలో కాగితాల కోసం చెయ్యి పెట్టింది. ఈలోగా జిల్లా నాయకుడు మైకు అందుకుని, అమ్మ ఆవేదన మనందరి ఆవేదన, ఈ ప్రభుత్వం మీద ఆమె కోపం చూశారు కదా అన్నాడు. శాసనసభాపక్ష నాయకుడు వంగి అమ్మ పాదాలు తాకాడు. అమ్మ తడబడి వెనక్కి జరిగింది, పడిపోకుండా అతని తల మీద చెయ్యి ఆనించింది. కెమెరాలు మెరిశాయి.

మర్నాడు ఆ ఫోటో అందరి ఫోన్లలోకీ వచ్చింది. కింద "తల్లి దీవెన" అని రాసి ఉంది. షావుకారు తన ఫోన్ తెచ్చి చూపించాడు. అమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని చూసింది.

"నేను అడిగినాను గదే. దీవించినానని రాసినారేటే?" అంది.

అమ్మ అంతగా చిన్నబోవడం నేను అంతకుముందు చూడలేదు. సభలోంచి వెళ్ళిపోయినందుకు కూడా ఆమె ఇంతగా బాధపడలేదు. రెండ్రోజులు సరిగా తినలేదు. ఆ ఫోటో తీయించేయమని పీయేకి ఫోన్ చేశాను. చూస్తానన్నాడు. ఎన్నికలయ్యేదాకా అది బస్టాండు దగ్గర ఫ్లెక్సీ మీద ఉంది. చర్చికి వెళ్ళేటప్పుడు అమ్మ ఆ దారి మానేసి వెనక వీధిలోంచి నడిచేది.

పోలింగ్ రోజు నాకు వేరే మండలంలో డ్యూటీ. అమ్మని మా ఆయన తీసుకెళ్ళాడు. వరసలో అమ్మ వెనక షావుకారు ఉన్నాడట. తర్వాత ఆయనే చెప్పాడు. అమ్మ లోపలికి వెళ్ళి అట్ట చాటున నిలబడి ఎంతకీ నొక్కలేదట. ఆఫీసరు రెండుసార్లు, "అమ్మా, నొక్కండి," అన్నాడట. ఏమైనా సాయం కావాలా అని అడిగితే వద్దని చేత్తో చెప్పిందట. చివరికి బీప్ మోగింది. బయటికొచ్చాక షావుకారు వేళాకోళానికి, "ఏటి సిస్టరమ్మా, గుర్తు మర్సిపోనావేటి?" అన్నాడట. అమ్మ తిరిగి చూడకుండా నడిచిందట.

ఎవరికి వేసిందో ఇంట్లో కూడా చెప్పలేదు. ఫలితాలొచ్చాయి. ఆ పార్టీ రాష్ట్రమంతా చిత్తుగా ఓడింది, మా ఎమ్మెల్యే కూడా ఓడిపోయాడు. ఆ సాయంత్రం అమ్మ అరుగు మీద ఒక్కతే కూర్చుంటే వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"ఎవలికీ ఎయ్యలేదే," అంది తనంతట తానే. "అడుగున ఉంటాది గదా, ఎవలూ వద్దనీది. అది నొక్కినాను. మనోడికి ఎయ్యడానికి మనసు రాలేదు. ఇంకోడికి ఎయ్యడానికి సెయ్యి రాలేదు."

ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఎన్నో పురుళ్ళు పోసిన చెయ్యి.

కొన్ని నెలలకి, ఓడిపోయిన ఎమ్మెల్యే మా ఇంటికి వచ్చాడు. కారు వీధి చివరే ఆపుకుని, ఒక్కడే నడిచి వచ్చాడు. అమ్మ కూర్చోమంది. నేను టీ, రస్కులు తెచ్చాను. చాలాసేపు వానల గురించీ, అమ్మ మోకాళ్ళ గురించీ మాట్లాడాడు. తర్వాత ఉన్నట్టుండి, "ఆ రోజు నేను కూర్చుని ఉండాల్సింది సిస్టరమ్మా," అన్నాడు.

అమ్మ రస్కుల పళ్ళెం అతని వైపు జరిపింది.

"మంత్రి లేదండి అనేవాడు. అది మాకు ముందే తెలుసు. ఆ తర్వాత అనుబంధ ప్రశ్న అడగొచ్చు. దానికే తయారయ్యాను. ఎన్నిసార్లు చదువుకున్నానో." అతను కప్పు కిందపెట్టాడు. "మంచం మీద తెచ్చిన గర్భిణి అవతలి ఒడ్డున ఉంటే, ఒక రిటైరైన నర్సు ఇవతలి ఒడ్డు నుంచి అరుస్తూ పురుడు పోసిందని మంత్రిగారికి తెలుసా అని అడుగుదామనుకున్నాను. అంబులెన్సు మూడు గంటలు అక్కడే ఉంది, ఇంజక్షన్ చేతిలోనే ఉంది, తెలుసా అని."

"రెండు గంటలు," అంది అమ్మ. "మూడు కాదు."

"రెండు గంటలు," అన్నాడతను.

"బిడ్డ బతికినాదని కూడా సెప్పేవోడివా?"

"చెప్పేవాణ్ణి."

"బాగుండేది బాబూ," అంది. "బాగుండేది."

అతను వెళ్ళేటప్పుడు ఆమె పాదాలు తాకబోయి ఆగిపోయాడు. నమస్కారం పెట్టి వెళ్ళాడు. అతని మీద నాకున్న కోపం ఆ రోజుతో చాలావరకు పోయింది. అతని నాయకుడి మీద కోపం పోలేదు.

ఇప్పుడున్న ఎమ్మెల్యే అవతలి పార్టీవాడు. షావుకారు దగ్గరుండి అమ్మని అతని దగ్గరికి తీసుకెళ్ళాడు. మళ్ళీ నా చేతిరాతతోనే అర్జీ ఇచ్చాం. ఆ తర్వాత ఇద్దరు మనుషులు వచ్చి గెడ్డ వెడల్పు కొలిచారు, ఒడ్డున రాళ్ళకి ఎర్ర రంగు పూసి వెళ్ళారు. అంతవరకే. నిరుటి వానలకి కాజ్‌వే మళ్ళీ మునిగింది. ఇప్పుడు అవతలి ఊళ్ళవాళ్ళు నెలలు నిండుతున్న ఆడవాళ్ళని వానలకి ముందే ఇవతలికి తెచ్చి, బంధువుల ఇళ్ళలో ఉంచుతున్నారు. బంధువులు లేనివాళ్ళు మా ఇంటికి వస్తారు. ఈ ఏడు ఇద్దరు వచ్చారు. మా వెనకగది వాళ్ళకే వదిలేశాం.

మొన్న ఆ పాత పార్టీవాళ్ళు సభ్యత్వాల కోసం ఇంటింటికీ తిరుగుతూ మా గేటు తీశారు. ముగ్గురు, ఎండకి చెమటలు కక్కుతున్నారు. అమ్మ నాచేత మజ్జిగ ఇప్పించింది. ఒకామె అమ్మ పేరు అప్పుడే కాగితం మీద రాయబోయింది.

"మీ నాయకుడు ఇప్పుడు అసెంబ్లీకి ఎల్తన్నాడేటి?" అంది అమ్మ.

వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "వచ్చీ సెషన్‌కి ఎల్తారంటన్నారమ్మా," అన్నాడొకతను.

"ఎల్నాక రండి," అంది అమ్మ.

కోపంగా అనలేదు. ఎండగా ఉందని, నీడపట్టున నడవమని కూడా చెప్పింది. వాళ్ళు గేటు వేసి పక్క వీధిలోకి తిరిగేదాకా అరుగు మీద నిలబడి చూసింది. వెనకగదిలోంచి నిండు చూలాలు ఒకామె నడుము పట్టుకుని వచ్చి, "ఎవలమ్మా ఆల్లు?" అని అడిగింది.

"మనోల్లే," అంది అమ్మ. ఆమె నడుము మీద చెయ్యి వేసి, నొప్పి ఎక్కడ మొదలైందో అడుగుతూ లోపలికి తీసుకెళ్ళింది.